నారింజ చదరం: ఏమీ జరగని ఒక మహాచరిత్ర

రాజవంశాల చరిత్ర రాయడం కష్టమేమీ కాదు. తమ్ముడు అన్నను చెరసాలలో వేస్తాడు, కొడుకు తండ్రిని గద్దె దించుతాడు, రాజధాని మారుతుంది, నాణెం మీద బొమ్మ మారుతుంది. చరిత్రకారుడు కలం పట్టుకుని ఆ వెనకే పరుగెత్తితే చాలు, సంపుటాలు వాటంతటవే నిండుతాయి. పెద్ద వ్యాపార సంస్థల లోగోల చరిత్ర రాయడం అంతకంటే తేలిక. ప్రతి ఏడెనిమిదేళ్లకూ ఒక కొత్త పెద్దాయన కుర్చీలోకి వస్తాడు, పాత చిహ్నం ముక్కిపోయిన వాసన వేస్తోందంటాడు, ఒక సలహా సంస్థకు అడిగినంత సమర్పించుకుంటాడు, ఆ సంస్థ ఆరు నెలలు తపస్సు చేసి, ఉన్న అక్షరాలనే కాస్త గుండ్రంగా నునుపుచేసి, మూలం కంటే వందరెట్లు పొడవైన భాష్యం జతచేసి ప్రసాదంగా అందిస్తుంది. చరిత్రకారుడికి అక్కడొక అధ్యాయం దొరుకుతుంది.

నా దురదృష్టం వేరు. నేను తలకెత్తుకున్నది హోమ్ డిపో లోగో చరిత్ర. ఇంటి మరమ్మతు సామాను అమ్మే దుకాణాల్లో ప్రపంచంలోనే పెద్దదైన ఈ అమెరికన్ సంస్థ 1978లో పుట్టింది. తొలి రెండు దుకాణాలు 1979 జూన్ 22న అట్లాంటాలో తలుపులు తెరిచాయి. నారింజ రంగు చదరంలో తెల్లటి అక్షరాలు ఏటవాలుగా ఎక్కి కూర్చున్నాయి. ఇప్పటికీ అక్కడే, అదే వాలులో కూర్చుని ఉన్నాయి. చరిత్ర సమాప్తం. అట్లాంటా శివార్లలో ఏళ్ల తరబడి కాపురం ఉంటూ, శనివారాల్లో సగం ఆ చదరం కిందనే గడిపినవాడిని కనుక ఈ విషయం మీద సాధికారికంగా ఒక వ్యాసం రాసిస్తానని మాట ఇచ్చిన తరువాత గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. మాట ఇచ్చిన పాపానికి, ఏమీ జరగని చోట ఏమేమి జరగలేదో పూసగుచ్చినట్టు చెప్పడమే ఇప్పుడు నా ముందున్న కర్తవ్యం.

ముందుగా పేరు. తెలుగువాడి చెవికి డిపో అంటే రెండే: ఆర్టీసీ బస్సులు రాత్రిపూట నిద్రపోయే చోటు ఒకటి, ఊరి చివర దుంగలు పేర్చి ఉండే టింబర్ డిపో రెండోది. అందుచేత ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆ బోర్డు మొదటిసారి చూసినప్పుడు, ఇక్కడ ఇళ్లను కూడా రాత్రికి తెచ్చి వరసగా నిలుపుకుంటారు కాబోలని అనుకున్నాను. అసలు ఈ పేరు కూడా రెండో ఆలోచనే. బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ అనే ఇద్దరు అధికారులను 1978 ఏప్రిల్‌లో హ్యాండీ డాన్ అనే దుకాణాల సంస్థ ఉద్యోగంలోంచి తీసేసింది. ఉద్యోగం పోయినవాళ్లకు కసి ఉంటుంది, కసిలో పెట్టే పేర్లకు అనుప్రాస ఉంటుంది. సొంత కొట్టుకు వాళ్లు మొదట అనుకున్న పేరు 'బ్యాడ్ బెర్నీస్ బిల్డాల్' అట. చెడ్డ బెర్నీగారి సమస్త నిర్మాణశాల అన్నమాట. మూడు బకారాలు వరసగా పడిన ఈ వృత్త్యనుప్రాసకు మన ప్రబంధకవులైతే కనకాభిషేకం చేయించి ఉండేవారు. పెట్టుబడి పెట్టినవారిలో ఒకావిడ పూనుకుని 'ది హోమ్ డిపో' అని సూచించడంతో అనుప్రాస పోయింది, సంస్థ బతికింది.

తొలి దుకాణాలు ఒక్కొక్కటీ దాదాపు 60,000 చదరపు అడుగులు. ట్రెజర్ ఐలండ్ అనే మరో సంస్థ భవనాల్లో చోటు అద్దెకు తీసుకుని పెట్టారు. అంత చోటు నిండా సరుకు కొనే స్తోమత లేక, పై అరల్లో ఖాళీ అట్టపెట్టెలూ ఖాళీ రంగు డబ్బాలూ కప్పు దాకా పేర్చి, చూసేవాళ్లకు కొండంత సరుకు ఉన్నట్టు కనబడేలా చేశారు. ప్రారంభం రోజున యజమానుల పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి అడుగుపెట్టిన వారికల్లా ఒక్కో డాలరు నోటు ఇవ్వాలన్నది పథకం. నోట్లు మిగిలాయి గానీ మనుషులు రాలేదు. సాయంత్రానికి పిల్లలు కార్లు నిలిపే చోటికి వెళ్లి, దారిన పోయేవాళ్లను పట్టుకుని డాలర్లు పంచారట. పెళ్లికి పిలిచినా జనం రాకపోతే వీధిలోకి వెళ్లి విస్తళ్లు పంచే పరిస్థితి అది.

ఈ ఖాళీ పెట్టెల సంగతి లోగో చరిత్రకు బయటిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే లోగోలో ఉన్నవి పెట్టెల అక్షరాలే. ఒకసారి దగ్గరగా వెళ్లి చూడండి. 'ఓ' అనే ఆంగ్లాక్షరం అక్కడ పూర్తి సున్న కాదు; పైనా కిందా సన్నగా తెగి, ఎదురెదురుగా నిలబెట్టిన రెండు నెలవంకల్లా ఉంటుంది. 'డి'కి వెన్ను వేరు, పొట్ట వేరు. ఇది పుట్టుకలో అలంకారం కాదు, అవసరం. రేకులో అక్షరాన్ని కత్తిరించి, ఆ రేకును చెక్కపెట్టె మీద ఆనించి రంగు పూసే పద్ధతి ఉందే, దాన్నే స్టెన్సిల్ అంటాం, అందులో 'ఓ' చుట్టూ పూర్తిగా కత్తిరిస్తే నడిమి ముక్క ఊడి కింద పడుతుంది. అది పడకుండా అక్కడక్కడ చిన్న వంతెనలు వదలాలి. ఈ బాధ తెలుగు లిపికి మరీ ఎక్కువ. సున్న దగ్గర మొదలుపెట్టి ఠకారం దాకా మన అక్షరాల్లో చాలావాటికి పొట్టలుంటాయి కనుక, బస్తాల మీద ముద్రలు వేసే మనిషి ఎక్కడ వంతెన వదలాలో తెలియక చివరికి ఆంగ్లంలోకి దిగిపోతాడు. సరుకు పెట్టెల మీద, సైనిక సామగ్రి మీద, తొందరలో ఉన్న కూలివాడి చేతిలో రూపుదిద్దుకున్న ఈ అక్షరాలను 1937లో జెర్రీ పావెల్ అనే ఆయన అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ కోసం అచ్చులోకి దించాడు. అచ్చులో రేకు లేదు, కత్తిరింపు లేదు, ఊడిపడే ముక్కా లేదు. వంతెనలు మాత్రం యథాతథంగా ఉన్నాయి. కొత్త జీన్సును మోకాలి దగ్గర చింపి అమ్మడం అప్పటికి ఇంకా మొదలుకాలేదు గానీ, దాని మూలసూత్రం ఇదే.

ఖాళీ పెట్టెల మీద నిండు పెట్టెల అక్షరాలు! ఈ సంస్థ రూపురేఖలు తీర్చిన ఘనత కెనడా దేశస్థుడైన డాన్ వాట్ అనే డిజైనర్‌కు చెందుతుందని చెబుతారు. ఆయన ఇంకో ఘనకార్యం కూడా తెలిస్తే నా వాదన బలపడుతుంది. 1978లోనే లాబ్లాస్ అనే కెనడా కిరాణా సంస్థ 'నో నేమ్' అనే పేరుతో సరుకులు అమ్మడం మొదలుపెట్టింది. ఆ పొట్లాలకు రూపం ఇచ్చింది ఈయనే. పచ్చటి పసుపు నేల, దాని మీద నల్లటి అక్షరాలు, లోపల బఠానీలుంటే పైన బఠానీలని రాసి ఉండడం, అంతే. పేరు లేకపోవడమే పేరు, బొమ్మ లేకపోవడమే బొమ్మ. దీని మీద ఖర్చేమీ పెట్టలేదని కొనేవాడికి నమ్మకం కలిగించడానికి ఒక నిపుణుడికి డబ్బిచ్చి చేయించుకోవలసిన పని అది. హోమ్ డిపో చదరం కూడా ఆ కోవలోదే. ఎవరో గోదాము కాపలాదారు మధ్యాహ్నం భోజనం తరువాత చేతికి దొరికిన రంగుతో, నిలబడిన చోటు నుంచి కదలకుండా, చేయి ఎంత వంకరగా పోతే అంత వంకరగా వేసేసినట్టు ఉంటుంది. నిర్లక్ష్యం అన్నది ఇంత జాగ్రత్తగా చేయించిన సందర్భం వ్యాపార చరిత్రలో మరొకటి ఉందేమో నాకు తెలియదు.

ఇక రంగు. మిగతా పండితులు దీన్ని నారింజ అని సరిపెట్టుకున్నారు. నిదానించి చూస్తే ఇది కాషాయం. మన శాస్త్రాల ప్రకారం కాషాయం నాలుగో ఆశ్రమంలో రావాలి. దాన్ని రెండోదైన గృహస్థాశ్రమంలోనే ధరింపజేసిన ఖ్యాతి ఈ సంస్థది. ముప్ఫై ఏళ్ల గృహరుణం తీసుకున్న మానవుడు మొదట నిద్రను త్యజిస్తాడు, పిదప స్నేహితులను, ఆ మీదట శనివారం మధ్యాహ్నపు క్రికెట్‌ను. తలకు పెయింటు అంటి జడలు కడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని సింకు కింద తలపెట్టి ఎవరికీ వినబడని మాటలేవో గొణుగుతుంటాడు. సన్న్యాసానికి ఇంకేం తక్కువ? దుకాణంలో దారి చూపే ఉద్యోగులందరికీ కాషాయపు ఏప్రన్లు. ఆ ఏప్రన్ మీద నల్లటి మార్కర్‌తో ఎవరి పేరు వాళ్లు చేత్తో రాసుకుంటారు. చదరంలో ఉన్నది చేతిరాతలా కనబడే యంత్రపు పని అయితే, దాని పక్కన ఉన్నది అసలు చేతిరాత. బ్రిటన్‌లో బి అండ్ క్యూ, జర్మనీలో ఓబీ, హార్న్‌బాఖ్, అన్నిటిదీ ఈ రంగే కావడం నా సిద్ధాంతానికి బలం. ఆ ఓబీ పేరు గురించి ఒక్క మాట. 'హాబీ' అన్న మాటను ఫ్రెంచివాళ్లు హకారం మింగి పలికితే ఎలా ఉంటుందో అలాగే రాసుకున్న పేరది. హాస్పిటల్‌ను ఆసుపత్రి చేసుకున్న జాతికి దీని మర్మం వేరే చెప్పనక్కరలేదు.

దీక్ష పిల్లలకు కూడా ఇస్తారు. నెలలో మొదటి శనివారం ఉచితంగా వడ్రంగం నేర్పే కార్యక్రమం ఒకటి ఉంటుంది. చిన్న ఏప్రన్ కట్టి, చిన్న సుత్తి చేతికిచ్చి, పిట్టగూడో పూలకుండీయో బిగించమంటారు. రివర్‌డేల్‌లోని వేంకటేశ్వరుడి గుడిలో మా చిన్నవాడి చేత బియ్యంలో అక్షరాలు దిద్దించిన నెలలోపే వాడిని ఈ రెండో అక్షరాభ్యాసానికి కూడా తీసుకువెళ్లాం. వాడు మొదట గుర్తుపట్టిన ఆంగ్లపదం ఆ చదరంలోదే. అక్షరాలు కుడివైపు పైకి ఎక్కుతున్నట్టు ఉంటాయి కనుక తల ఎడమ భుజం మీదికి వాల్చి చదివేవాడు. ఆ తరువాత చాలా రోజులు దారిలో ఏ బోర్డు కనబడినా, అది తిన్నగా రాసి ఉన్నా సరే, తల అలాగే వాల్చి చదవడం చూసి మా ఆవిడ కంగారుపడి కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళదామంది.

చదరంలో మార్పు దొరకని చరిత్రకారుడు దాని కింద రాసిన నినాదంలోనైనా వెతుక్కోవాలి కదా. అక్కడ కొంత ఊరట ఉంది. 2003లో వచ్చిన నినాదం 'మీరు చేయగలరు, మేం సాయపడగలం' అని అర్థమిచ్చేది. 2009లో, ఆర్థికమాంద్యం నెత్తిన కూర్చున్నప్పుడు, అది 'ఎక్కువ పొదుపు, ఎక్కువ పని' అయింది. 2019 చివరలో 'పనిచేసేవాళ్లు ఇంకా ఎక్కువ పని చేసే తీరు' అన్న భావంతో మూడోది వచ్చింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి శాసనాలు చదివినట్టు చదివితే పరిణామక్రమం స్పష్టపడుతుంది. మొదటి దానిలో పనితోపాటు సాయం ఉంది. రెండోదానిలో సాయం ఎగిరిపోయి పొదుపు వచ్చింది. మూడోదానిలో పొదుపు కూడా పోయింది. పని ఒక్కటే మిగిలింది, అదీ పెరిగింది.

ఈ పరిణామాన్ని నేను స్వయంగా అనుభవించాను. ఒక శనివారం మా ఇంటి మరుగుదొడ్డి ట్యాంకులో నీటిని ఆపే రబ్బరు మూత పాడైంది. దాన్ని ఫ్లాపర్ అంటారు, అవి రెండు అంగుళాలవీ మూడు అంగుళాలవీ ఉంటాయి. ఈ రెండో వాక్యం నాకు రెండో ప్రయాణం తరువాత తెలిసింది. కొలిచి వెళ్లమని మా బావమరిది ఫోన్లో ముందే చెప్పాడు. "ఎందుకయ్యా, చూస్తే తెలియదా?" అన్నాను. "బావా, చూస్తే తెలిసేదైతే రెండు సైజులు ఎందుకు చేస్తారు?" అన్నాడు. మూడోసారి వెళ్లింది మాత్రం ఫ్లాపర్ కోసం కాదు, దాన్ని బిగించే ఉత్సాహంలో నేను విరగ్గొట్టిన గొట్టం కోసం.

సంస్థకు 1981లో ఒక బొమ్మ మనిషిని కూడా కల్పించారు, హోమర్ డి. పో అని పేరు. గబగబా పలికితే దుకాణం పేరు వస్తుంది. శ్లేషకవుల వంశంవాళ్లం కనుక దీనికి మనం పెద్దగా చలించం, ముందుకు పోదాం.

చిహ్నం తాను కదలనప్పుడు దాన్ని కదిలే వస్తువుకు అంటించడం ఒక ఉపాయం. అమెరికా దక్షిణాదిన నాస్కార్ అనే కార్ల పందెం ఉంది. కార్లు గుండ్రటి దారిలో వందల మైళ్లు తిరిగి బయలుదేరిన చోటికే చేరతాయి, ప్రదక్షిణలు చేసేవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. అందులో టోనీ స్టూవర్ట్ నడిపిన 20వ నంబరు కారుకు నారింజ చదరం అంటించారు. 2002లో, 2005లో ఆ కారు టైటిల్ గెలిచింది. ప్రత్యర్థి అయిన లోస్ సంస్థ జిమ్మీ జాన్సన్ నడిపిన 48వ నంబరు కారుకు తన నీలి ముద్ర వేసింది. అది ఏకంగా ఏడుసార్లు గెలిచింది. షార్లట్‌లోని పందెపు మైదానానికే 1999 నుంచి 2009 దాకా లోస్ పేరు ఉండేది. మేకులూ మరలూ అమ్మేవాళ్ల ముద్రలు గంటకు మూడువందల కిలోమీటర్ల వేగంతో ఒకదాన్నొకటి తరుముకుంటుంటే లక్షమంది లేచి నిలబడి అరిచేవాళ్లు. ఇంత వేగంలోనూ అక్షరాల వాలు ఒక్క డిగ్రీ మారలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

లోస్ ప్రస్తావన వచ్చింది కనుక చెప్పాలి, చరిత్రకారుడికి అసలైన విందు వాళ్లింట్లోనే ఉంది. 1921లో నార్త్ కరోలినాలోని నార్త్ విల్క్స్‌బరో అనే చిన్న ఊళ్లో లూషియస్ లో అనే ఆయన హార్డ్‌వేర్ కొట్టు పెట్టాడు. ఇంటిపేరు 'లో'. ఆయన 1940లో పోయాక కొట్టు కూతురు రూత్‌కు వచ్చింది. ఆవిడ దాన్ని తోడబుట్టిన జేమ్స్‌కు అమ్మింది. జేమ్స్ తన బావను, అంటే ఆ రూత్ భర్త కార్ల్ బుకన్‌ను, వాటాదారుగా చేర్చుకున్నాడు. ఇక్కడిదాకా విన్న ఏ తెలుగువాడైనా తరువాతి సంగతి చెప్పగలడు. 1952కల్లా హార్డ్‌వేర్ మొత్తం బావ చేతికి వచ్చింది. బావమరిది 1954లో కిరాణా దుకాణాలు మొదలుపెట్టాడు. చిత్రమేమిటంటే ఇంటిపేరు ఇద్దరూ వదలలేదు. తన పేరు బుకన్ అయినా బావగారు బోర్డు మార్చలేదు, ఎందుకంటే 'లో' అంటే ఆంగ్లంలో తక్కువ అని వినబడుతుంది, 'లోస్ లో ప్రైసెస్' అని రాసుకుంటే బేరం కుదురుతుంది. మావగారి ఇంటిపేరు మీద మావగారి కొడుక్కంటే గట్టి పట్టు చూపిన అల్లుడు ఆయన. ఇవాళ ఆ రెండు వ్యాపారాల బోర్డులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్కటే: హార్డ్‌వేర్ పేరులో 'ఎస్' ముందు పైన ఒక చిన్న కామా ఉంటుంది, కిరాణా పేరులో ఉండదు. పంపకాల్లో కామా బావకు దక్కిందన్నమాట. హార్డ్‌వేర్ లోగోకు నీలి ఫలకం పైన ఇంటి కప్పులా ఒక వాలు కూడా ఉంది. ఇల్లు ఎలా ఉంటుందో మరిచిపోయిన ఇంటి యజమానికి అది గుర్తుచేస్తుంది కాబోలు.

ఇదే లోస్ 2016లో కెనడాలోని రోనా అనే సంస్థను 320 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. రోనా అంటే రోలాండ్, నెపోలియన్ అనే ఇద్దరు పెద్దమనుషుల పేర్లలోని తొలి అక్షరాలు. హిందీ వచ్చినవాడికి మాత్రం ఏడవడం. కొన్న తరువాత కొన్ని రోనా దుకాణాల బోర్డులు పీకి లోస్ బోర్డులు పెట్టారు. లాభం కనబడలేదు. 2023 ఫిబ్రవరిలో మొత్తం వ్యాపారాన్ని మరొకరికి అమ్మేశారు; రొక్కంగా వచ్చింది 40 కోట్ల అమెరికన్ డాలర్లు. కొత్త యజమానులు వచ్చీ రాగానే లోస్ బోర్డులు పీకి రోనా బోర్డులు పెట్టారు, వెనక ఒక కూడిక గుర్తు చేర్చి. ఈ మొత్తం వ్యవహారంలో నికరంగా లాభపడినవాడు నిచ్చెన వేసుకుని బోర్డులు మార్చినవాడొక్కడే.

బ్రిటన్‌లో ఇంతకంటే ఘనంగా జరిగింది. ఆస్ట్రేలియాలో బన్నింగ్స్ అనే దుకాణాలంటే జనానికి మహా ప్రీతి. వాటి చిహ్నంలో సుత్తి ఉంటుంది, వారాంతాల్లో గుమ్మం ముందు ఊరి సంఘాలవాళ్లు సాసేజీలు కాల్చి రొట్టెలో పెట్టి అమ్ముతారు. ఆ సంస్థ యజమానులైన వెస్‌ఫార్మర్స్ 2016లో బ్రిటన్‌లోని హోమ్‌బేస్ దుకాణాలను 34 కోట్ల పౌండ్లకు కొని, ఆస్ట్రేలియాలో నెగ్గిన సుత్తి ఇంగ్లండ్‌లోనూ నెగ్గుతుందని నమ్మి, ఇరవైకి పైగా దుకాణాలకు బన్నింగ్స్ బోర్డు తగిలించారు. కర్టెన్లూ దిళ్లూ పూలకుండీలూ చూసుకుంటూ సాయంత్రం గడపడానికి అలవాటుపడిన ఆంగ్లేయులకు లోపలికి వెళితే పలకలూ రంపాలూ కనబడ్డాయి. 2018లో ఆ వ్యాపారం మొత్తాన్ని ఒక్క పౌండుకు అమ్మేశారు. ఒక పౌండు! సుత్తులు తిరిగి దిగాయి, పాత పేరు తిరిగి ఎక్కింది. లోగో మార్చితే దశ తిరుగుతుందని ఉపదేశించే సలహాదారులు ఈ కథను తమ శిష్యులకు ఏ వేళప్పుడు చెబుతారో తెలుసుకోవాలని నాకు కుతూహలం.

అలాగని మార్చకపోతే చాలునని కూడా అనలేం. హోమ్ డిపో 2006లో చైనాలో పన్నెండు దుకాణాలు కొని అడుగుపెట్టింది. 2012లో మిగిలి ఉన్న ఏడు పెద్ద దుకాణాలనూ మూసేసింది. నారింజ చదరం అక్కడా మారలేదు, వాలు అక్కడా తగ్గలేదు. తప్పు చదరానిది కాదు. చైనాలో మధ్యతరగతి మనిషి కొత్త ఫ్లాట్ కొంటే గోడకు రంగు వేయడానికి పనివాడిని పిలుస్తాడు, తాను నిచ్చెన ఎక్కడు. ఎవరి సుత్తి వాళ్లే పట్టుకోవాలని ఉపదేశించే చిహ్నం కూలీ చవకగా దొరికే చోట దేనికి పనికొస్తుంది?

మా తెనాలిలోనూ అంతే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కూడా కట్టించి చూడమన్న అర్థంలోనే అన్నారు. తాపీ చేతబట్టి కట్టమని వాళ్ల ఉద్దేశం కాదు. అక్కడ హార్డ్‌వేర్ కొట్టుకు యజమాని రాడు, మేస్త్రీ చీటీ పట్టుకుని వస్తాడు. మా బాబాయి కొట్టుకు ముప్ఫై ఏళ్లలో నాలుగు బోర్డులు మారాయి, నాలుగూ ఉచితమే. ఒకటి సిమెంటు కంపెనీ ఇచ్చింది, ఒకటి రంగుల కంపెనీ, రెండు పైపుల కంపెనీలు. బోర్డులో ముప్పాతిక భాగం కంపెనీ పేరు, ఒక క్రికెట్ ఆటగాడి నవ్వు ముఖం. కొట్టు పేరు మాత్రం కింద కుడివైపు మూలలో, ఫోన్ నంబరు కంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోయినసారి వెళ్లినప్పుడు, "బాబాయ్, అసలు కొట్టు పేరు కనబడటమే లేదు కదా" అన్నాను. "ఎవరికి కనబడాలిరా? అందరూ సుబ్బయ్య కొట్టు అనే అంటారు" అన్నాడు. సుబ్బయ్యగారు ఆ కొట్టును మా బాబాయికి అమ్మి నలభై ఏళ్లయింది. కార్ల్ బుకన్ బతికి ఉంటే బాబాయి చేయి పట్టుకుని ఊపేవాడు.

తిరిగి నా చదరం దగ్గరికి. పేసెస్ ఫెర్రీ రోడ్డులోని ప్రధాన కార్యాలయం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆశగా చూస్తాను, ఎక్కడైనా ఒక అక్షరం నునుపెక్కిందేమో, ఒక వంతెన కూలిందేమో, చదరం మూలలు ఈ కాలపు అలవాటు ప్రకారం గుండ్రబడ్డాయేమో అని. లేదు. ఈ వ్యాసానికి ఒక్క తేదీ, ఒక్క మలుపు, ఒక్క 'పూర్వం ఇలా ఉండేది, తదుపరి ఇలా అయింది' అనే వాక్యం దొరకక, చివరికి మా ఇంటి వెనక వరండాలో ఆధారం దొరికింది.

హోమ్ డిపోలో ఐదు గాలన్ల నారింజ బకెట్ ఒకటి దొరుకుతుంది, మీద తెల్లటి అక్షరాలతో. తయారుచేసినవాళ్లు దాన్ని సిమెంటు కలపడానికో పనిముట్లు మోయడానికో ఉద్దేశించి ఉండవచ్చు. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో అది కరివేపాకు కుండీ. అడుగున మేకు కాల్చి నాలుగు చిల్లులు పొడిచి, మట్టి నింపి, రెండు డాలర్లు పోసి తెచ్చిన రెండాకుల మొక్కను కన్నబిడ్డలా నాటుతాం. మంచు పడే రాత్రి హాల్లోకి మోసుకొచ్చి సోఫా పక్కన పెడతాం, మళ్లీ ఎండ రాగానే బయటికి తీసుకెళతాం. మా ఇంట్లో ఆ బకెట్ వయసు పదకొండేళ్లు. దక్షిణం ఎండకు ఎదురుగా ఉండే వైపు నారింజ వెలిసి, ముందు బొప్పాయి రంగుకు, ఆపైన పలచటి మజ్జిగ పులుసు రంగుకు వచ్చింది. తెల్ల అక్షరాల్లో మొదటి పదం పూర్తిగా రాలిపోయింది. 'డిపో'లో 'డి' వెన్ను ఒక్కటే నిలబడి ఉంది, పొట్ట లేదు. గోడవైపు ఉన్న సగం మాత్రం కొన్ననాటి నిగనిగతోనే ఉంది. రెండు కాలాలూ ఒకే బకెట్ మీద కనబడుతున్నాయి కనుక దాన్ని ఫొటో తీసి ఈ వ్యాసానికి జతచేద్దామని గోడ దగ్గర నుంచి కాస్త తిప్పాను. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ అరిచింది: "ఏమండీ, దాన్ని కదపకండి, చిగురు ఎండవైపు ఉంది!"